తూర్పు మూల ర్యాకులు

మార్చి నెలలో ఒక సోమవారం పొద్దున, కొడవలూరులోని బియ్యం గోడౌను ముందుకు ఇనుము వేసుకుని రెండు లారీలు వచ్చాయి. ఆ సరుకు దించింది హజరత్తయ్య ముఠానే. పద్దెనిమిది మంది హమాలీలు, ఏళ్ళ తరబడి బియ్యం బస్తాలు తప్ప ఇంకోటి మోసి ఎరగనివాళ్ళు. బస్తా అయితే భుజానికి ఒదుగుతుంది. ఇనుము ఒదగలేదు. నీలం రంగు నిలువు స్తంభాలు, నారింజ రంగు అడ్డ బీములు మోసేసరికి మధ్యాహ్నానికి అందరి అరచేతులూ గీసుకుపోయాయి.

ఆఖర్న ఒక గోతం దిగింది. దాన్నిండా అరచేయంత ఇనుప పలకలు. మేస్త్రి హజరత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ర్యాకులు బిగించడానికి చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు కిషోర్ బాబు పక్కనే ఉన్నాడు. ముప్పై నిండని మనిషి, మర్యాద తెలిసినవాడు.

"ఇదేంది సార్?"

"స్తంభం అడుగున వేసే పలక, పెద్దాయనా. ర్యాకు బరువంతా దీని మీదే దిగుతుంది."

"ఎంత బరువు?"

"నాలుగు అంతస్తులు. అంతస్తుకి రెండు చెక్క పలకలు, ఒక్కో పలక మీద ఇరవై బస్తాలు. నడిమి కాళ్ళ మీద నాలుగు టన్నుల చొప్పున పడుతుంది."

"నాలుగు టన్నులు ఈ పలక మీదనా?"

"కింద కాంక్రీటు బాగుంటే ఏమీ కాదు."

హజరత్తయ్య పలకను గోతంలో పెట్టేశాడు. ఏదో తెలియని ఇబ్బంది మనసులో కదిలింది గానీ అదేమిటో ఆ క్షణాన తోచలేదు. అంతలోనే యజమాని రమణయ్య గదిలోకి రమ్మని కబురు పెట్టాడు.

రమణయ్య చెడ్డవాడేమీ కాదు. పదేళ్ళ కిందట ఈ గోడౌను కొన్నప్పటి నుంచి హజరత్తయ్యని ఒక్క మాట అని ఎరగడు. ఆ రోజు కూడా టీ తెప్పించి, తాగేదాకా ఆగి అన్నాడు.

"మేస్త్రీ, ఇంక నెట్టు కట్టే పని ఉండదు. బస్తాలు పేర్చిన చెక్క పలకని బండి ఎత్తుకుపోయి పైన పెట్టుద్ది. లారీల కాడికి ఆరుగురు చాలు. ఆ ఆరుగురు ఎవురో నువ్వే చెప్పు. నీ ముఠా సంగతి నాకంటే నీకే తెలుసు."

హజరత్తయ్య గ్లాసు కింద పెట్టాడు. నెట్టు కట్టడమంటే బస్తా మీద బస్తా, వరస మీద వరస, కప్పు దాకా పేర్చడం. ముప్పై ఏళ్ళలో ఆయన కట్టించిన నెట్టు ఒక్కటీ ఒరగలేదు. కొలబద్ద లేకుండా, కంటి చూపుతో వాలు కనిపెట్టేవాడు.

"ఇంకో మాట. ఉషారాణి డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంది గదా. లోపల కంప్యూటర్ కాడ సీటు వేస్తుండాం. ఏ పలక ఏ అరలో ఉందో రాసుకునే పని. రేపట్నుంచి రమ్మను."

ఒకే గుక్కలో ఈ చేత్తో తీసి ఆ చేత్తో పెట్టినట్టయింది. సంతోషించాలో ఏడవాలో హజరత్తయ్యకి తెలియలేదు. సరే అయ్యా అని లేచి వచ్చాడు.

ఆరు పేర్లు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చిన్నపిల్లలున్నవాళ్ళని, అప్పుడే జబ్బు పడి లేచినవాణ్ణి ఉంచాడు. ముఠాలో అందరికంటే బలవంతుడు ఏసుమణిని తీసేశాడు. ఒళ్ళు గట్టిగా ఉన్నవాడు, ముత్తుకూరు దగ్గరి కృష్ణపట్నం పోర్టుకి పోయినా పని దొరుకుతుందని ఆయన లెక్క. ఆ మాట చెప్తే ఏసుమణి తలపాగా విప్పి దులుపుకుంటూ నవ్వాడు.

"బలంగా ఉండేదే నా తప్పయింది. పోనీలే మేస్త్రీ, నీ బిడ్డకి కుర్చీ వొచ్చింది గదా."

ఇరవై ఏళ్ళుగా ఒకే బస్తాకి చెరో కొసా పట్టిన మనిషి. ఆ మాట అని సైకిలెక్కి పోయాడు.

కిషోర్ బాబు మనుషులు నేల మీద సుద్దగీతలు గీస్తూ తూర్పు మూలకు చేరినప్పుడు హజరత్తయ్యకి ఆ ఇబ్బంది ఏమిటో తెలిసింది. ఆ మూల ముఠా ఎప్పుడూ పన్నెండు వరసలకి మించి కట్టేది కాదు. మేస్త్రి అయిన కొత్తలో ఆయనే పెట్టిన కట్టడి అది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గోడౌను లేకముందు ఆ చోట ఇటుకల బట్టీ ఉండేది. పన్నెండేళ్ళ వయసులో తండ్రితోపాటు అక్కడ పచ్చి ఇటుకలు మోశాడు. మట్టి తవ్వీ తవ్వీ రెండు నిలువుల లోతు గుంట పడింది. తర్వాత బట్టీ మూతపడితే, చుట్టుపక్కల రైసు మిల్లులవాళ్ళు ఏళ్ళ తరబడి ఊక కాల్చిన బూడిద తెచ్చి ఆ గుంటలో పోశారు. దాని మీద కాస్త గ్రావెలు, దాని మీద కాంక్రీటు, దాని మీద గోడౌను.

బస్తాల నెట్టయితే బరువు నేలంతా పరుచుకుంటుంది. ఈ ర్యాకులు అలా కాదు, నాలుగు వేళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడతాయి.

ఇంటికి పోయి భార్య వెంకటశేషమ్మతో చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ వింది.

"పోయి చెప్పు."

"చెప్తే ఏమంటారు? పని పోతుందని అడ్డం పడుతుండాడు అంటారు."

"అంటే అననీ. నీ నోటి నుంచి అయితే పోవాల గదా ఆ మాట."

మర్నాడు చెప్పాడు. రమణయ్యతో, కిషోర్ బాబుతో, ఇద్దరూ ఉన్నప్పుడే. కిషోర్ బాబు శ్రద్ధగానే విన్నాడు. తూర్పు మూల కాంక్రీటులో రంధ్రం వేసి లోతు కొలిచి చూశాడు. కాంక్రీటు మందం సరిపోయింది.

"దాని కింద ఏముందో నేను చెప్పలేను పెద్దాయనా. నేల గట్టిదని సార్ వాళ్ళు రాసిచ్చారు, దాన్ని బట్టే మేం డిజైన్ చేశాం. కావాలంటే మట్టి పరీక్ష చేయించొచ్చు సార్. మూడు వారాలు పడుతుంది" అని రమణయ్య వైపు చూశాడు.

"మూడు వారాలా! ఎగుమతి సరుకు లారీల్లో ఉంది. యాడ పెట్టేది?" రమణయ్య హజరత్తయ్య భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, నీ బాధ నాకు తెలవదా? ముఠా చెదిరిపోతుంటే ఎవురికైనా కడుపు కాల్తుంది. అంతమాత్రాన ఇట్టాంటి మాటలు పుట్టిస్తే ఎట్లా? ఇన్నేళ్ళుగా లేని గుంట ఇప్పుడు యాడ్నించి వొచ్చింది?"

కసిరి ఉంటే హజరత్తయ్య ఎదురు చెప్పేవాడేమో. అంత జాలిగా మాట్లాడేసరికి తల వంచుకుని పనిలోకి పోయాడు.

ఆ సాయంత్రం ఉషారాణి ఇంటికొచ్చి చెప్పులు విడిచిన విసురులోనే తెలిసింది, సంగతి అక్కడిదాకా పోయిందని.

"నాయనా, నా ముందే నవ్వుకుంటుండారు. మేస్త్రి ర్యాకులకి దిష్టి పెడుతుండాడు, కూతురేమో ర్యాకుల కింద కూసోనుంది అంట. చేరి పది రోజులు కాలేదు నేను."

"ఉండే మాట చెప్పినా అమ్మా."

ఆమె కోపం కొంచెం దిగింది. అప్పుడు అడిగిన మాటే ఆయనకి ఎక్కువ తగిలింది.

"ఒకటి నిజం చెప్పు నాయనా. ఆ ర్యాకులు రాకుంటే, ఆరుగుర్నే ఉంచుతామని అనకుంటే, ఆ గుంట నీకు గుర్తొచ్చేదా?"

హజరత్తయ్య చొక్కా తగిలించుకుని బయటికి పోయి వీధిలో నిలబడ్డాడు.

అప్పట్నుంచి తన జ్ఞాపకం మీద తనకే అనుమానం పట్టుకుంది. నలభై అయిదేళ్ళ కిందటి మాట. గుంట నిజంగా తూర్పు మూల కిందనే ఉండిందా? ఒక ఆదివారం పోయి కాలవ కల్వర్టు దగ్గర్నుంచి అడుగులేసి కొలిచాడు. ఆ రోజుల్లో కల్వర్టు మీద నిలబడితే బట్టీ పొగ ఎదురుగా కనపడేది. ఇప్పుడు ఆ కల్వర్టే లేదు, కొత్తది ఇంకో చోట కట్టారు. తాటిచెట్ల వరసా లేదు. ఎక్కడ మొదలుపెట్టి కొలవాలో కూడా తేలలేదు.

బట్టీలో ఇటుకలు కోసినవాళ్ళలో బతికున్నది ముసలమ్మ ఒక్కతే. పేరుకి తగ్గట్టు ఇప్పుడు ముసలిదీ అయింది. ఎనభై దాటాయి, చూపు ఆనదు. వాకిట్లో మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

"గుంటా? ఉండె. మీ నాయన జారి పడలా అందులో? కాలు బెణికి నెల్రోజులు ఇంటి కాడనే ఉండె. అది పడమటి పక్క గదబ్బయా. పొద్దు గూకేది గుంట మీదనే."

"పడమరా? సరిగ్గా గుర్తు చేసుకో అత్తా."

"ఏమో నాయనా. పడమరే అనుకుంటుండా. తూర్పని నువ్వంటే తూర్పే."

ఆయన లేచి వచ్చేశాడు. ఇంక ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు.

ర్యాకులు లేచాయి. ఏప్రిల్ నెలాఖరుకి సరుకంతా అరల్లోకి ఎక్కింది. ఒప్పుకోవాలి, చూడముచ్చటగా ఉంది. ఏ బియ్యం ఏ రోజు వచ్చిందో ఉషారాణి కంప్యూటర్లో నొక్కితే చాలు, చెన్నై డ్రైవరు ఫోర్క్‌లిఫ్ట్ బండి పోనిచ్చి పలకకి పలక దించుకొచ్చేవాడు. ఎలకలు తగ్గాయి, కింది వరస బస్తాలు చెమ్మకి చెడిపోవడం తగ్గింది. ఉషారాణి జీతం తెచ్చి తల్లి చేతిలో పెట్టి, పెద్ద పలక ఎత్తుతుంటే బండి ఎలా మూలుగుతుందో నవ్వుతూ చెప్పేది. తండ్రీ కూతుళ్ళు మళ్ళీ మామూలుగా మాట్లాడుకున్నారు.

కానీ హజరత్తయ్య లోపల మామూలుగా లేదు. మిగిలిన అయిదుగురితో లారీల దగ్గర పని చేస్తూనే, రోజుకొకసారైనా తూర్పు మూలకి పోయి, ఆఖరి ర్యాకుకీ గోడకీ మధ్య సందు చూసి వచ్చేవాడు. పైన ఎంత, కింద ఎంత. జానెడు, జానెడు. ఒక్కోసారి ఆ సందు తగ్గలేదని చూసి నిరాశ కలిగేది. ఆ నిరాశని పట్టుకున్న మరుక్షణం తన మీద తనకే భయం వేసేది. కూతురి బల్ల అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. పడాలని కోరుకుంటున్నానా, పడకూడదని మొక్కుకుంటున్నానా? రెండూ తన మనసే. ఈ సంగతి వెంకటశేషమ్మతో కూడా చెప్పుకోలేదు. అన్నం సహించక సగంలో లేస్తుంటే, వయసు మీద పడిందిలే అనుకుంది ఆమె.

నవంబరులో వాన పట్టుకుంది. నెల్లూరు జిల్లాకి వానంటే ఆ నెల వానే. తుపాను తీరం దాటకుండా నాలుగు రోజులు సముద్రం మీదే నిలబడిపోయింది. వరినాట్లు మునిగాయి, హైవే పక్క గుంతలు ఏకమయ్యాయి, గోడౌను చుట్టూ మోకాలి లోతు నీళ్ళు చేరాయి. అయిదో రోజు మధ్యాహ్నం హజరత్తయ్య లారీ మీద టార్పాలిను కడుతుంటే ఉషారాణి తడుచుకుంటూ వచ్చింది.

"నాయనా, ఒకసారి లోపలికి రా."

"ఏంది?"

"నువ్వే చూడు. నాకు సరిగ్గా చెప్పేది రాదు."

తూర్పు మూల ఆఖరి వరస ర్యాకు. పై అరలోని పలకని బండి లాగబోతే రాలేదంట, బీములు బిగుసుకున్నాయంట. హజరత్తయ్య సందు దగ్గరికి పోయి పైకి చూశాడు. కింద జానెడు ఉంది. పైన నాలుగు వేళ్ళు కూడా లేదు. స్తంభాల అడుగున ఇనుప పలకల చుట్టూ నేల గుండ్రంగా పగిలింది. ఆ పగుళ్ళలోంచి నీళ్ళు ఊరుతున్నాయి.

ఇన్నాళ్ళూ ఆయన భయపడినట్టు సంతోషమేమీ కలగలేదు. డ్రైవరుని బండి ఆపమని, అందరినీ బయటికి పొమ్మని కేక పెట్టాడు.

రమణయ్య పరుగున వచ్చాడు. చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కిషోర్ బాబుకి ఫోను చేసి అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"ఎవరినీ లోపలికి పంపొద్దు సార్. బండి అసలు వద్దు. నేను జాకీలు, ఆనింపు కమ్మీలు తీసుకుని బయల్దేరుతున్నా. నాయుడుపేట దగ్గర రోడ్డు మీద నీళ్ళున్నాయంట, రేపు పొద్దున్నకి గానీ చేరలేను."

"రేపటిదాకా నిలుస్తుందా?"

"చెప్పలేను సార్."

ఫోను పెట్టేశాక రమణయ్య కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఒక వరస పోతే పక్క వరస మీద పడుతుంది, అది ఇంకో దాని మీద. వారంలో కృష్ణపట్నంలో ఓడెక్కాల్సిన బియ్యం. మళ్ళీ ఫోను తీసి ఎవరెవరికో చేశాడు. గంట తిరక్కుండా తీసేసిన పన్నెండు మందిలో ఎనిమిది మంది బరకాలు కప్పుకుని వచ్చి షట్టరు బయట నిలబడ్డారు. ముందు ఏసుమణి.

"పై రెండు అంతస్తులు చేతుల మీద దించేస్తే బరువు తగ్గి నిలబడుద్ది" అన్నాడు రమణయ్య. "నిచ్చెన ఉంది. ఒకరికొకరు అందించుకోండి. ఈ ఒక్క గండం గట్టెక్కించండి, మిమ్మల్నందర్నీ మళ్ళీ పన్లో పెట్టుకుంటా. ప్రమాణంగా చెప్తుండా."

ఎనిమిది మంది మొహాలూ మారాయి. ఏసుమణి బరకం తీసి పక్కన పడేశాడు.

"నేను ఎక్కుతా."

"వొద్దు" అన్నాడు హజరత్తయ్య.

"నువ్వెవురు వొద్దనేదానికి? నా పేరు తీసేసిన పొద్దే నీకూ నాకూ తీరిపోయింది. ఎనిమిది నెలలుగా పోర్టు గేటు కాడ నిలబడి ఎనక్కి వొస్తుండా. పని వొచ్చిందిరా అంటే అడ్డం పడతావా?"

"దాన్ని తాకితేనే కదులుద్ది. నువ్వు పైనుంటావు."

"మార్చిలో కూడా ఇట్టనే చెప్పినావంట!"

హజరత్తయ్య పెద్ద షట్టరు దగ్గరికి పోయి గొలుసు లాగాడు. షట్టరు గరగరమంటూ కిందికి దిగింది. తాళం కోసం చుట్టూ చూశాడు. ఉషారాణి అప్పటికే దాన్ని తెచ్చి పట్టుకుని ఉంది. చెయ్యి చాపి ఇచ్చింది. ఆయన తాళం వేసి, తాళంచెవి ఆమెకే ఇచ్చి, షట్టరుకి వీపు ఆనించి తడి గచ్చు మీద కూర్చున్నాడు.

"ఉషా, తాళం తియ్" అన్నాడు రమణయ్య.

"తియ్యను సార్."

"నీ ఉద్యోగం సంగతి గుర్తుందా?"

ఆమె తాళంచెవిని పిడికిట్లో బిగించుకుంది. "ఉంది సార్. తియ్యను."

వాన సన్నగా పడుతూనే ఉంది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. లోపల ఏ చప్పుడూ లేదు. రమణయ్య ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత పోలీసులని పిలుస్తానన్నాడు. గంట దాటాక గట్టిగా నవ్వాడు. "పడలేదే మేస్త్రీ! ఈపాటికి సగం దించేసుందురు."

అదే హజరత్తయ్యకి అన్నిటికంటే కష్టమైన ఘడియ. పడకపోతే? పొద్దున కిషోర్ బాబు వచ్చి ఆనింపులు పెట్టి నిలబెట్టేస్తే, ఎనిమిది మంది నోటి దగ్గర కూడు తన్నేసినవాడిగా మిగిలిపోతాడు తను. ఒకసారి అన్నందుకే ఎనిమిది నెలలు లోపల్లోపల కాలిపోయాడు. లేచి పక్కకి జరుగుదామా అనిపించింది. కాళ్ళు కదిలాయి కూడా.

అప్పుడే ఏసుమణి లారీలోంచి గడ్డపార తెచ్చాడు. "జరుగు మేస్త్రీ. నీ మీద చెయ్యి చేసుకునేట్టు చెయ్యబాక."

"ఏసుమణీ, ఆ పొద్దు నేను చెప్పిందాంట్లో నా కడుపుమంట కూడా ఉండిందేమో. నాకే తెలవదు. ఇప్పుడు లేదు. నా మాట ఇను."

ఏసుమణి ఆయన్ని మోచేత్తో పక్కకి నెట్టి, గడ్డపార మొన తాళం కొంకిలో దూర్చాడు. ఒక్కసారి కాలు తన్నిపెట్టి లాగాడు. కొంకి వంగింది. రెండోసారికి ఒళ్ళు బిగించాడు.

లోపల ఎవరో పెద్ద ఇనుప పెట్టె మూత తెరిచినట్టు కిర్రుమని ఒక మోత. తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మొత్తం పడింది. కంకర లారీలు పది ఒక్కసారి తిరగేసినట్టు, ఒక దాని మీద ఒకటి, ఒక దాని మీద ఒకటి, ఎంతసేపటికీ ఆగలేదు. కాళ్ళ కింద గచ్చు అదిరింది. షట్టరు నడిమిభాగం బయటికి ఉబ్బింది. ఆ ఊపుకి ఏసుమణి గడ్డపారతో సహా వెల్లకిలా పడ్డాడు. షట్టరు కింది సందులోంచి బియ్యం జలజలా కారుతూ వచ్చి హజరత్తయ్య చెప్పుల మీదుగా వాననీళ్ళలోకి పోయాయి.

ఉషారాణి ఒక్కొక్కరి వైపూ వేలు చూపిస్తూ మనుషుల్ని లెక్కపెట్టింది. అందరూ బయటే ఉన్నారు. రెండోసారి కూడా లెక్కపెట్టి, లారీ చక్రానికి ఆనుకుని ఏడ్చింది.

ఏసుమణి లేవలేదు. అలాగే కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటున్నాడు. హజరత్తయ్య పోయి పక్కన కూర్చున్నాడు.

విరిగిన ఇనుము కోసి తీయడానికి, బియ్యం ఎత్తి మళ్ళీ సంచులకి పట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. బండి లోపలికి పోయే దారి లేదు. పద్దెనిమిది మందినీ పిలిపించారు. ముఠా అంతా కలిసి పని చేసింది అదే ఆఖరు. తడిసిన బియ్యం కోళ్ళ దాణాకి పోయింది, బాగున్నది జల్లెడ పట్టారు. ఏడో రోజు తూర్పు మూల కాంక్రీటు పెళ్ళలు పెకలించారు. కింద గ్రావెలు, దాని కింద నల్లగా, పేస్టులా, తడిసిన ఊకబూడిద. గడ్డపార గుచ్చితే పిడి దాకా దిగిపోయింది.

మిగతావాళ్ళు హజరత్తయ్య వైపు చూశారు. ఎవరో, "చెప్పినావు మేస్త్రీ" అన్నారు. కిషోర్ బాబు తల వంచుకుని, "ఆ రోజు పట్టుబట్టి ఉండాల్సింది నేను" అన్నాడు. హజరత్తయ్య కాస్త బూడిద వేళ్ళతో నలిపి చూసి, కాలవలో చేతులు కడుక్కున్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కూతురితో అన్నాడు.

"నువ్వు మార్చిలో ఒక మాట అడిగినావు. ర్యాకులు రాకుంటే గుంట గుర్తొచ్చేదా అని. గుర్తు లేకపోవటమేంది, ముప్పై ఏళ్ళూ గుర్తుంది. ఆ మూల పన్నెండు వరసలు చాలని చెప్పి ఊరుకునేవాణ్ణి. చెప్తే పాత యజమాని ఆ భాగం మూసేస్తాడని, సరుకు తగ్గుతుందని, మా పని తగ్గుతుందని. దాని కిందనే నా ముఠాని తిప్పినా. పని కోసం దాచిపెట్టినా, పని పోతుందని బయటపెట్టినా. నేను అట్టాంటోణ్ణి."

ఉషారాణి నీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది.

"షట్టరు ముందర కూసున్నది కూడా నువ్వే గదా" అంది.

వారం తర్వాత బీమా కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. నేల సంగతి ముందుగా ఎవరికైనా తెలుసా అని అడిగితే, రమణయ్య తెలియదన్నాడు. పైగా మేస్త్రి తాళం వేసి కూర్చోబట్టే సరుకు మిగల్లేదన్నాడు. ఉషారాణిని కంప్యూటర్ లెక్కల కోసం పిలిచారు. ఆ పెద్దమనిషి అదే ప్రశ్న ఆమెనీ అడిగాడు. రమణయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. మార్చి నెలలో మా నాయన సార్‌కి చెప్పినాడు, అప్పుడు ఇంజనీరు గారు కూడా ఉన్నారు అని ఆమె చెప్పి, రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. సాయంత్రం ఫోను వచ్చింది. రేపట్నుంచి రానక్కర్లేదన్నారు.

"ఎందుకు చెప్పినావు?" అన్నాడు హజరత్తయ్య. గొంతులో కోపం లేదు, దిగులే ఉంది.

"అడిగినారు."

ఆమె ఆ ఉద్యోగం కోసం కొనుక్కున్న రెండు చుడీదార్లు మడిచి పెట్టెలో పెట్టింది. మర్నాటి నుంచి నెల్లూరులో స్నేహితురాళ్ళకి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఎక్కడా ఏమీ తేలలేదు. గోడౌనులో సరుకు లేక హజరత్తయ్యకీ పని లేదు.

డిసెంబరు మొదటి వారంలో ఒక తెల్లవారుజామున ఏసుమణి ఎవరిదో మోటారు సైకిలు వేసుకుని ఇంటి ముందుకొచ్చాడు. లోపలికి రాలేదు.

"పోర్టుకి ఎరువుల ఓడ వొచ్చింది. పది మందిని తెచ్చుకోమన్నారు. ఎక్కు."

"నాకు యాభై ఏడు. గేటు కాడ చూసి ఎనక్కి పంపుతారు."

"మోసేది మేము. నువ్వు వరసలు చూడు. మాతో వొచ్చే కుర్రాళ్ళకి బస్తా ఎట్టా పెట్టాలో కూడా తెలవదు."

వెంకటశేషమ్మ గబగబా చద్దన్నం, మామిడికాయ పచ్చడి డబ్బాలో సర్ది తెచ్చింది. హజరత్తయ్య వెనక ఎక్కాడు. ముత్తుకూరు రోడ్డు మీద మంచు ఇంకా విడవలేదు. ఎదురుగా బొగ్గు లారీలు వరసగా వస్తున్నాయి. చాలా దూరం పోయాక ఏసుమణి అడిగాడు.

"మేస్త్రీ, ఆ పొద్దు మొదటిసారికే తాళం ఊడొచ్చి ఉంటే?"

హజరత్తయ్య ముందుకి వంగి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎదర లారీ వొస్తుంది, పక్కకి తియ్" అన్నాడు.